పెప్పర్‌మెంటు వాసన

ఆ హైస్కూలు బృందగానంలో నలభై గొంతులున్నా, మూడేళ్లుగా సూది అనే పిల్ల చెవిలో పడుతున్నది ఒక్కటే. అది పక్కన నిలబడే చప్పరింత గొంతు. ఆ పిల్ల బుగ్గన పెప్పర్‌మెంటు బిళ్ళ లేకుండా ఒక్కనాడూ పాడలేదు. పాటకూ పాటకూ మధ్య అది పళ్లకు తగిలి టకటకమనేది, వెంటనే జుర్రుమని ఒక చప్పరింపు. ఆ తడి ఊపిరి వెచ్చగా వచ్చి చెవికి తగిలితే సూదికి ఒళ్లంతా జెర్రులు పాకినట్టుండేది.

తల్లి బట్టలు కుట్టే మనిషి కాబట్టి ఈ పిల్లకు సూది అని పేరు పెట్టారు. నాలుక కూడా పేరుకు తగ్గట్టే ఉండేది లెండి. పక్కపిల్లకు చప్పరింత అని పేరు తగిలించింది తనే.

అసలు రోత బిళ్ళది కాదు. ఇద్దరూ కింది గొంతువాళ్లే, వాళ్ల పని తేలిక కాదు. పై గొంతువాళ్లు అసలు పాటను ఎత్తుకుపోతుంటే, వీళ్లు దాని కింద వేరే దారిలో నడవాలి. చప్పరింత ఆ దారి ఎన్నడూ నేర్చుకుంటేగా! సూది నోటినుంచి వచ్చింది విని, రెప్పపాటు వెనకగా అదే అప్పజెప్పేది. అంత హాయి ఎవరికుంటుంది చెప్పండి?

"మీ ఇద్దరిదీ ఒకటే గొంతమ్మా!" అని సంగీతం మాస్టారు మురిసిపోయినప్పుడల్లా సూది చెవి తుడుచుకునేది.

ఇంట్లో చెబితే అక్క పకపకా నవ్వింది. "పోనీలేవే, నీ సొమ్మేం పోయింది?"

"జలగలా పట్టుకుందే అక్కా! తలుచుకుంటేనే వాంతికొస్తోంది."

అమ్మ మిషను ఆపకుండానే అంది, "మొన్న కచేరీలో నీ గొంతేదో నాకు తెలియనే లేదే. చెవులు రిక్కించి విన్నా."

ఆ మాట సూదికి గట్టిగానే తగిలింది. ఈసారి పెద్ద కచేరీకి నలుగురినే తీసుకెళ్తారు. ఒక్కో గొంతు వరుసకు ఒక్కరు, ఎవరి మైకు వాళ్లకు. ఎలాగైనా ఆ మైకు తనకు రావాలి, అమ్మ తన గొంతు గుర్తుపట్టాలి.

ఎంపిక రోజున కింది గొంతువాళ్లలో చివరికి మిగిలింది వీళ్లిద్దరే. మాస్టారు ఇద్దరినీ వెనక పక్కపక్కన నిలబెట్టి, తాను పియానో ముందు కూర్చుని, పై వరుస వాయిస్తూ విన్నారు. పాట మొదలవగానే చెవి దగ్గర వెచ్చటి ఊపిరి. పెప్పర్‌మెంటు వాసన. తన గొంతు మేసి, చివరికి ఆ మైకు కూడా ఇదే తన్నుకుపోతుందా? సూదికి అసహ్యం గొంతుదాకా వచ్చింది.

మూడో పాదంలో చాలాసేపు నిలపాల్సిన స్వరం ఒకటుంది. సూది కావాలనే అరస్వరం దిగింది. చప్పరింత నమ్మకంగా వెంట దిగింది. వెంటనే సూది నోరు మూసి గాలి పీల్చుకుంది. ఆ తప్పు స్వరం మీద చప్పరింత ఒక్కతే మిగిలింది. పియానోతో కలవక ఆ గొంతు గదంతా గీరుకుపోయింది. ఆ పిల్ల బెదిరిపోయి సూది ముఖంలోకి చూసింది. సూది తల పక్కకు తిప్పుకుని, సరైన స్వరాన్ని గట్టిగా ఎత్తుకుంది.

మాస్టారు వెనక్కి తిరిగారు. "ఇద్దరూ జారారు, విన్నాను. కానీ పక్కన తప్పు మోగుతున్నా నువ్వు దారిలోకి వచ్చేశావు చూడు, అదమ్మా నాకు కావలసింది!" అని సూది భుజం తట్టారు.

వసారాలో చప్పరింత వెనకాలే పరుగెత్తుకొచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"సారీయే. నేనే నిన్ను కిందికి లాగేశాను కదూ? నావల్ల నీ ఛాన్సు పోయుంటే ఏం చేసేదాన్ని!"



చప్పరింత సంచిలోంచి పెప్పర్‌మెంటు బిళ్ళల రేకు డబ్బా తీసి సూది చేతిలో పెట్టింది. "కచేరీలో గొంతెండితే వేసుకో. నాకిక అక్కర్లేదుగా. ఎనిమిదో తరగతిలో నా నోరు కంపు కొడుతోందన్నావు, గుర్తుందా? అప్పట్నుంచే మొదలుపెట్టా. నీ పక్కన నిలబడాలి కదా మరి."

కచేరీ రోజు తెర లేచే ముందు సూది గొంతు నిజంగానే ఎండిపోయింది. డబ్బా మూత తీసి, ఒక బిళ్ళ బుగ్గన పెట్టుకుంది. మూడో పాదం దగ్గర చెవి పక్కన ఏ ఊపిరీ లేదు. తన స్వరం ఒక్కటే మైకులోంచి హాలంతా మోగింది. ఒక్క పిసరు జారలేదు.

బయటికి రాగానే అమ్మ గట్టిగా వాటేసుకుంది. "ఇట్టే పట్టేశానే! ఎంత శుభ్రమైన గొంతే నీది!"

సూదికి తనమీద తనకే రోత పుట్టింది. అమ్మ చేతులు విడిపించుకుని, కుళాయి దగ్గరికి పోయి, సగం కరిగిన బిళ్ళను ఉమ్మేసి, నోరు పుక్కిలించింది. మూడుసార్లు పుక్కిలించినా ఆ వాసన పోలేదు.