ఎనిమిదో రోజు గాలి

నేను ఒక గాలి మీటరును. మూడు గిన్నెలు, ఒక ఇరుసు, ఒక తీగ, అంతే నా ఒళ్లు. కోయంబత్తూరులో ఒక షెడ్డులో పుట్టి, అనంతపురం వైపు ఒక గుట్ట మీద రేడియో టెలిస్కోపు పక్కన స్తంభమెక్కి పదకొండేళ్లు తిరిగాను. ఆకాశాన్ని చదివే ఘనతంతా డిష్‌ది. గాలి గంటకు నలభై కిలోమీటర్లు దాటితే, విరగకుండా దాన్ని వెల్లకిలా పడుకోబెట్టించే పాడు పని నాది. అందుకే పరిశోధకులకు నన్ను చూస్తే ఒళ్లుమంట. నేనేం చేయను, గాలేమైనా నా చుట్టమా?

ఆ పదకొండో ఏడు గుంటూరు నుంచి తబిత అనే పరిశోధకురాలు వచ్చింది. వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఒక నక్షత్రం కూలి, కొన్ని సెకన్లు గామా కిరణాలు చిమ్మి ఊరుకుంది. పొయ్యి ఆర్పినా పెనం కాసేపు కాలుతుంది కదా, అలా మిగిలిన వెలుగును ఆమె రోజూ కొలుస్తోంది. ఏడు రోజులూ అది మెల్లగా తగ్గింది. ఎనిమిదో రోజు ఒక్కసారిగా పడిపోతే, పేలుడు సన్నని ధారగా చిమ్మిందని తేలుతుంది. ఆమె థీసిస్ మొత్తం ఆ ఒక్క కొలత కోసం ఆగి ఉంది.

సరిగ్గా ఆ రోజే ఆయుధపూజ. ఆపరేటరు ఓబులేసు పొద్దున్నే మోటార్లకు, జీపుకు పూజ చేశాడు. ఏటా నాకు స్తంభం మొదట్లో ఒక కుంకుమబొట్టుతో సరి. ఈసారి దండ ఒకటి మిగిలింది. నిచ్చెనెక్కి నా మెడకు కట్టాడు. అబ్బో, పొంగిపోయాను.

మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. దండ దారం జారి నా ఇరుసుకు చుట్టుకుంది. గింజుకున్నాను, జోరుగా తిరగలేకపోయాను. గాలి యాభై దాటుతుంటే పద్దెనిమిదని చెబుతున్నాను. నోరుంటే కేకలు పెట్టేదాన్ని.

లోపల కంప్యూటరు తెర మీద ఆ వెలుగు గీత దబ్బున పడింది.

"పడిపోయిందన్నా! పడిపోయింది!" తబిత కుర్చీలోంచి లేచింది.

ఓబులేసు కిటికీ దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, నీలగిరి చెట్లు సూడు, నేలకొంగుతాండాయి. మీటరేమో పద్దెనిమిదంటాంది. డిష్ పండబెడదాం."

"పది నిమిషాలన్నా, దండం పెడతా. రేపటికి ఇది కనపడదు."

"డిష్ ఊగుతాంటే నీ గీత పడక ఏం జేస్తాది తల్లీ?"

తబిత బయటికి చూసింది. డిష్ అంచు వణుకుతోంది. డిష్‌ను పడుకోబెట్టే బటను తనే నొక్కింది.

గాలి తగ్గాక ఓబులేసు పైకెక్కి, దారం చూసి తల బాదుకున్నాడు. దిగొచ్చి గొంతు తగ్గించాడు. "కంప్యూటర్లో పద్దెనిమిదనే ఉండాది. నేనెవరికీ చెప్పనమ్మా."

నా అబద్ధం ఆమెకు కలిసొచ్చింది. పద్దెనిమిదనే ఉంటే ఆ కొలత చెల్లుతుంది, లోకంలో ఎవరూ పట్టుకోలేరు. ఆ పడిపోవడం నిజంగా నక్షత్రానిదే కావచ్చు కూడా. తబిత ముందున్న టీ చల్లారిపోయింది. చివరికి టైపు చేసింది: 'గాలి మీటరు తప్పు చూపింది. ఈ రోజు కొలత వాడకూడదు.' ఆ తర్వాత బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

నన్ను దింపి స్టోరు రూములో బీరువా మీద పడేశారు. మరో పేలుడు కోసం కాచుకుని కాచుకుని తబిత థీసిస్ రెండేళ్లు ఆలస్యమైంది. ఒక ప్రతి ఓబులేసుకు పంపింది. అతను ఇక్కడే, నా కిందే స్టూలు మీద కూర్చుని పేజీలు తిప్పాడు. ఆ పాత పేలుడు గ్రాఫులో ఏడు చుక్కలున్నాయి. ఎనిమిదో చోట ఏమీ లేదు. ఓబులేసు అక్కడ వేలు పెట్టి, ఎంతసేపటికీ తీయలేదు.