నానమ్మ ఆగిన ఎపిసోడ్

మేం సీరియళ్లు చూసే యాప్‌ని ఇంకో కంపెనీ కొనేసి, తన యాప్‌లో కలిపేసుకుంది. ఆ కలపడంలో నానమ్మ సీరియల్ మొదటి ఎపిసోడ్‌కి వెళ్లిపోయింది. రెండువేల ఎపిసోడ్లలో తను ఎక్కడ ఆగిందో నానమ్మకు తెలియదు. మళ్లీ మొదలుపెడితే అందులోని కోడలి కాపురం చక్కబడేసరికి నానమ్మకు నూట పదేళ్లు నిండుతాయి.

నేను కస్టమర్ కేర్‌కి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"ఎక్కడ ఆపారమ్మా?" అంది అటువైపు అమ్మాయి.

"అత్త చెయ్యెత్తింది తల్లీ, కోడల్ని కొట్టడానికి."

"అలాంటివి నూట నలభై ఉన్నాయండీ."

"అయితే కథంతా చెబుతా, విని వెతుకు."

గంట తిరిగేసరికి అటువైపు ఆఫీసంతా ఆ ఫోన్ చుట్టూ చేరింది. ఎవరో ముక్కు చీదడం కూడా వినిపించింది. రెండో గంటలో ఆ అమ్మాయి కేకేసింది. "దొరికింది! పదమూడు వందల ఆరు! ఆకుపచ్చ చీరే కదా? ఆ చెయ్యి పడేది ఎవరి మీదంటే..."

"నోర్ముయ్! నేను చూసుకుంటా," అంటూ నానమ్మ రిమోట్ లాక్కుంది.

"అమ్మమ్మగారూ, ఫోన్ పెట్టెయ్యకండి," అని ఆ అమ్మాయి బతిమాలింది. "మా మేనేజర్ ఇప్పుడే వచ్చారు. ఆయనక్కూడా ఒక్కసారి చెప్పరూ?"