వజ్రమ్మ ఎత్తని పాట

మూసీకి తుగ్యాని వచ్చి ముప్పయ్యేళ్లు నిండిన సంవత్సరం అది. అమీర్‌పేటలో పాతవాళ్లంతా ఏళ్లను ఆ వరద నుంచే లెక్కపెట్టేవాళ్లు. వజ్రమ్మ అత్త రుద్రమ్మ అయితే బర్రె ఈనిన రోజు కూడా అలాగే చెప్పేది. ఆ ఏడు ఎండాకాలం ఒక పొద్దున వజ్రమ్మ జొన్నరొట్టె చరుస్తూ చరుస్తూ చెయ్యి ఆపేసింది. రొట్టె నడిమికి చిరిగింది.

"ఏందే, నిద్రల చేస్తున్నవా?" అంది రుద్రమ్మ.

నిద్ర కాదు. తన అరచెయ్యి ఏ పాటకు పడుతోందో అప్పుడే గమనించింది. గాజుల పాట. మొగిలయ్య మేస్త్రి కట్టిన పాట. ఈ జన్మలో మళ్లీ ఎత్తనని రాత్రే అనుకుంది. నోరు ఆగింది గానీ చెయ్యి ఆగలేదు.

వజ్రమ్మది మిద్దె కొట్టే పని. పైకప్పు మీద సున్నం పరిస్తే పన్నెండు మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని, చెక్కలతో మూడు రోజులు కొడతారు. బెల్లం, కరక్కాయ నానేసిన నీళ్లు చల్లుతూ సున్నం రాయి అయ్యేదాకా కొట్టాలి. అందరి చెక్కలూ ఒక్కసారే పడాలి. ఒకటి ముందూ ఒకటి వెనకా పడితే సున్నం పగులుతుంది, వానకు కారుతుంది. అందుకే పాట. ఒకతి ఎత్తాలి, మిగతావాళ్లు అందుకోవాలి. పదిహేడేళ్లుగా ఎత్తేది వజ్రమ్మే. పాటలన్నీ మొగిలయ్యవే. వాటిలో గాజుల పాటంటే పంజాగుట్ట దాకా పేరు.

"ఎడ్లు తిరిగే గానుగ కాడ ఎవ్వలు సూడరె పిల్ల,
గాజులు పలిగితె కొత్తయి తెస్త, నోరిప్పకె పిల్ల."

సరసపు పాట అనుకుని పన్నెండు మందీ నవ్వుతూ పాడేవాళ్లు. వజ్రమ్మ మొగుడు పోచయ్య సున్నం గానుగ తోలేవాడు. మనిషి మాట్లాడేది తక్కువ, కానీ ఎడ్ల వెనక తిరుగుతూ ఆ పాటే కూనిరాగం తీసేవాడు. అది వినబడితేనే ఎడ్లు కదిలేవి.

నాలుగు రోజుల కింద మధ్యాహ్నం, పోచయ్య ఎడ్లను నీళ్లకు తోలుకుపోయిన వేళ, మొగిలయ్య లచ్చమ్మను గానుగ పక్క కొట్టంలోకి లాగి తలుపేశాడు. లచ్చమ్మ పోయినేడే ఎర్రగడ్డ నుంచి కాపురానికి వచ్చి వాళ్ల వరసలో చేరిన పిల్ల. ఊరుకోలేదు. చేతులకు గాజుపెంకుల గాట్లతో వాడ నడుమ నిలబడి అరిచి చెప్పింది. కులపెద్దలు కూర్చున్నారు. పని కాడ జరిగింది పని కాడనే ఇడువుండ్రి అన్నారు. పిల్లను పనికి రావద్దన్నారు. మొగిలయ్యను ఏమీ అనలేదు. తెల్లారి లచ్చమ్మ గడపలో కాగితం పొట్లం ఉంది. అందులో కొత్త గాజులు.

ఆ పొట్లం చూసిన దగ్గర్నుంచి వజ్రమ్మకు తిండి సయించడం లేదు. పాటలో పిల్ల ఎవరో ఆమెకు మొదటి నుంచీ తెలుసు. పదిహేడేళ్ల కింద తనకూ అలాంటి పొట్లమే వచ్చింది. ఆకుపచ్చవి, డజను. తను నోరిప్పలేదు. ఆ నెలలోనే మొగిలయ్య పాట కట్టి, అందరి ముందూ, "గిది వజ్రమ్మ గొంతుకే సరిపోతది" అని ఆమెకే అప్పజెప్పాడు. పాట ఎత్తే మనిషి అయిందని అత్త ఆ రోజు మురిసింది. వజ్రమ్మ కూడా మురిసింది, అదే ఇప్పుడు గుండెలో ముల్లులా కదులుతోంది. ఆ పెద్దరికం తన గొంతు చూసి ఇచ్చాడా, గొంతు నొక్కడానికి ఇచ్చాడా? బిందె ఎత్తుకున్నా, చీపురు పట్టుకున్నా, అదే ప్రశ్న. తను ఆనాడే అరిచి ఉంటే లచ్చమ్మ చేతులకు ఆ గాట్లు పడేవా?

"నేనిగ మేస్త్రి పాటలు ఎత్తను," అంది ఆ పొద్దున, రొట్టె మొగుడి ముందు పెట్టి.

"ఆయన చేసిన పని ఆయనది. పాటేం చేసింది?" అన్నాడు పోచయ్య.

"మొగోళ్లు అన్నంక సవాలక్ష ఉంటయి," అంది రుద్రమ్మ. "పాట ఎత్తకపోతే మిద్దె ఎట్ల కూడుతది? నీకొక్కదానికేనా పౌరుషం?"

పంజాగుట్ట గుట్ట కింద ఒక నవాబు బంగళా మీద ఆ రోజు పచ్చి సున్నం పరిచి ఉంది. ఎండ ఎక్కుతోంది. వరసలో లచ్చమ్మ జాగా ఖాళీగా ఉంది. మిగతా పదిమందీ చెక్కలెత్తి వజ్రమ్మ నోటికేసి చూశారు. ఆమె పాట ఎత్తలేదు. పాట లేకుండానే కొట్టమంది. చెక్కలు చెట్టుకొకటి పుట్టకొకటిగా పడ్డాయి. సున్నం మీద అప్పుడే సన్నటి నెర్రె కనబడింది.

"అక్కా, ఎండుతున్నది. ఏదో ఒకటి అను," అంది పక్కనున్న మంగవ్వ.

వజ్రమ్మకు వచ్చిన పాటలన్నీ మొగిలయ్యవే. పదిహేడేళ్లలో తనదంటూ ఒక్క ముక్క కూడా లేదు. చేతిలో చెక్కను చూసుకుంది. వరసకేసి చూసింది.

"మంగవ్వా!" అని గొంతెత్తి పిలిచింది.

"ఆఁ?"

"ఆఁ కాదు. ఉన్నా అను. అని కొట్టు. చిలకమ్మా!"

"ఉన్నా!" చెక్కలన్నీ పడ్డాయి.

"దేవమణీ!"

"ఉన్నా!"

"లచ్చమ్మా!"

ఎవరూ పలకలేదు. చెక్కలు గాల్లోనే ఆగాయి. వజ్రమ్మ మళ్లీ పిలిచింది. ఈసారి మంగవ్వ తల ఎత్తకుండా, "ఉన్నది!" అంది. చెక్కలన్నీ ఒక్కసారే పడ్డాయి. ఆ తర్వాత పేర్లు తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆ పేరు దగ్గర పది గొంతులూ కలిసి పలికాయి.

మధ్యాహ్నానికి మొగిలయ్య నిచ్చెన ఎక్కి వచ్చాడు. "గిదేం పాటనే? హాజరు తీస్తున్నవా?" అని నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన సున్నం మీద బొటనవేలు నొక్కి చూశాడు. గట్టిగా ఉంది. దాంతో ఇంకా కోపం వచ్చింది. "రేపు నా పాట ఎత్తకపోతే మిద్దె ఎక్కకు. గా పేరు మళ్ల వినబడొద్దు."

"నీ పాటలు నువ్వే ఉంచుకో మేస్త్రీ. పేర్లు మాయి," అంది వజ్రమ్మ.

పొద్దుగూకే ముందు పోచయ్య ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఆమె చెంబుతో నీళ్లు పోస్తోంది.

"పని పోగొట్టుకుంటవా? ఒక్క పాట కోసం?" అన్నాడు.

"గా పాటలున్న పిల్ల నేనే."

అతను తల ఎత్తాడు. నీళ్లు పోయడం ఆమె ఆపలేదు. చెంబు ఖాళీ అయింది.

"ఎన్నడూ చెప్పకపోతివి."

"చెప్పకేం? పదిహేడేండ్ల సంది రోజూ చెప్తనే ఉన్న, మిద్దె ఎక్కి, గొంతు చించుకోని. మీరంత తాళమేసిన్రు."

 ఆ పూట పోచయ్య తినలేదు.

తెల్లారి వజ్రమ్మ రెండు చెక్కలు చంకన పెట్టుకుని లచ్చమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"మేస్త్రి రానియ్యడేమో అక్కా," అంది లచ్చమ్మ.

"రానియ్యకపోతే ఇద్దరం కిందనే నిలబడదాం. అందరు చూస్తరు. నడువు, నిన్నంత నీ పేరు పిలిచి నా గొంతు పోయింది."

ఇద్దరూ గానుగ దారినే వచ్చారు. పోచయ్య ఎడ్లను కట్టి వెనక నిలబడి ఉన్నాడు. ఎడ్లు కదలడం లేదు, పాట కోసం చెవులు రిక్కించాయి. అలవాటుగా అతను నోరు తెరిచాడు. ఎదురుగా వాళ్లిద్దరినీ చూశాడు. నోరు మూసుకున్నాడు. తువ్వాలు నడుముకు చుట్టి, ఎడ్ల పక్కకు వచ్చి, కాడికి తన భుజం ఆనించి తోయడం మొదలుపెట్టాడు.