తండ్రిని అడగని ప్రశ్నలు

నిరోష చపాతీ పిండి కలుపుతుంటే వెనక నుంచి అత్త అన్నది, "ఊరోళ్ల పిల్లల మనసులు తెలుసుకునేతందుకు పోతవు. ఇంట్ల పిల్ల బడిల నోరిప్పదాయె."

నిరోష ముద్దను తిప్పి ఇంకాస్త గట్టిగా ఒత్తింది. ఎనిమిదేళ్ల లాస్య ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, బడి గేటు దాటితే ఒక్క మాట పలకదు. ప్రతి గురువారం సెలవు పెట్టి మహబూబ్‌నగర్‌లో కౌన్సెలింగుకు తీసుకుపోయేది నిరోషే. "గవన్నీ నీకే తెలుసు గద," అంటాడు భర్త దామోదర్. తెలిసిన మాట నిజమే. పిల్లల మానసిక ఆరోగ్య కేంద్రాలు, సంక్షేమ గృహాలు ఎట్లా పనిచేస్తున్నాయో పరిశీలించి చెప్పడమే ఆమె ఉద్యోగం.

ఆ రోజు అచ్చంపేట అవతల ఊళ్లో బీరమ్మ అనే తల్లి ఇంటికి పోయింది. ఒక కేంద్రానికి వచ్చే పిల్లలు మధ్యలోనే ఎందుకు మానేస్తున్నారో తెలుసుకోవాలి. కేంద్రం వాళ్లు చెప్పిన కారణం ఒక్కటే, తల్లుల అశ్రద్ధ.

మేకపిల్లకు పాలు పట్టిస్తూ బీరమ్మ చెప్పింది. "నా బిడ్డ నిద్రల ఉలిక్కిపడుతుండె. తోల్కపోయిన. గా కేంద్రంల మేడం నన్నే అడిగె, కొట్టినవా, పనిల పడి పిల్లను ఇడిసిపెట్టినవా అని. పిల్ల భయపడేది వాళ్ల నాయినకు. ఆయన బయట బండి మీదనే కూసున్నడు, ఒక్క మాట అడగలే. మల్లెందుకు పోవాలమ్మా, తప్పు జేసినదాని లెక్క కూసునేతందుకా?"

నిరోష చేతిలో పెన్ను ఆగిపోయింది. లాస్యను తీసుకుపోయిన మొదటి రోజు తననూ అట్లాగే అడిగారు. ఉద్యోగంలో చేరినప్పుడు పాప వయసెంత, మీరు ఊళ్లు తిరిగేటప్పుడు ఎవరు చూసుకుంటారు అని. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తూ కూడా, నేరం ఒప్పుకుంటున్నట్టు తలవంచుకుని అన్నిటికీ జవాబు చెప్పింది. దామోదర్ పేరైనా ఎవరూ అడగలేదన్న సంగతి ఇప్పుడు తట్టింది.

నివేదికలో 'తండ్రులనూ పిలిపించి మాట్లాడాలి' అని రాస్తే ఆఫీసులో పెద్దసారు కొట్టేయబోయాడు. "మగోళ్లకు పనులుంటయమ్మా. అయ్యేది రాయాలె."

"నాకూ పనే సార్. ఆ మాట తీసేస్తే నా పేరు కూడ తీసేయండి."

ఆయన ఆమె వైపు చూసి, ఆ మాట కొట్టేయకుండానే కాగితం తిప్పేశాడు.

బుధవారం అన్నం వడ్డిస్తూ దామోదర్‌తో అన్నది, "రేపు లాస్యను నువ్వు తోల్కపో. నాకు కల్వకుర్తిల పనుంది."

"నేను పోయి ఏం చెప్పాలె?"

"అడిగింది చెప్పు."

మరునాడు సాయంత్రం ఆమె వచ్చేసరికి దామోదర్ బూట్లయినా విప్పకుండా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "పిల్ల దేనికి భయపడతదని అడిగిన్రు. దాని దోస్తు ఎవరన్నరు. బడిల మాట్లాడుడు ఎప్పుడు బందైందన్నరు," అన్నాడు. బూటు లేసు లాగుతూ, "ఒక్కదానికి గూడ చెప్పలేకపోయిన. జర నువ్వు చెప్పు, వచ్చేసారికి యాదుంచుకుంట."

అన్నీ ఆమెకు తెలుసు. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. పక్కగదిలో లాస్య ఎవరినో గదమాయిస్తూ ఒక్కతే ఆడుకుంటోంది.

"లోపలనే ఉన్నది," అంది నిరోష. "పోయి దాన్నే అడుగు."