గౌరి పాలు

పిల్ల పుట్టిన ఐదో నెలలో గౌరి మళ్ళీ రొయ్యల కంపెనీలో అడుగుపెట్టింది. గేటు లోపల ఆఫీసు మేడం యమున ఆమె చేతిలో గులాబీ పువ్వు పెట్టి ఫోటో తీయించింది. ఫోటో అయిన వెంటనే పువ్వు వెనక్కి తీసుకున్నారు. రొయ్యలు ఒలిచే హాల్లోకి పువ్వులు, గాజులు, బొట్టుబిళ్ళలు పోకూడదు. అది రూలు.

గౌరితో పాటు కొత్తగా తిరిగొచ్చిన మరో ఇద్దరు బాలింతల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి యమున ఉపన్యాసం ఇచ్చింది. "టైం ప్లాన్ చేసుకోవాలమ్మా. ముందురోజే అన్నీ సర్దిపెట్టుకుంటే పనీ, పిల్లా రెండూ చక్కగా నడుస్తాయి."

యమునది బొబ్బిలి. చదువుకున్న పిల్ల, పెళ్ళి కాలేదు. చెడ్డదేం కాదు. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ కంటికి కనబడరు, అదే దీని దరిద్రం.

సర్దుకోవడం గౌరికి ఒకరు నేర్పాలా? మొగుడు ఎల్లాజీ గుజరాత్ బోట్ల మీద వేటకు పోయి నెలలవుతోంది. కుళాయి ఎప్పుడొస్తుందో, పిల్ల ఎప్పుడు లేస్తుందో, కంపెనీ వ్యాను సందు చివర ఎప్పుడు హారన్ కొడుతుందో, మూడింటినీ ముడేసి ఆమె తెల్లారగట్ల నుంచి పరిగెడుతూనే ఉంటుంది. అత్త కూర్మమ్మ భోగాపురం బజారుకి చేపల తట్ట మోయడం మానుకుంది. ఇప్పుడు పిల్లని ఎత్తుకుని సోములు ఆటోలో పూటకోసారి కంపెనీ గేటు దాకా వస్తుంది. గౌరి బయటికెళ్ళి, గోడ నీడన కూర్చుని, పాలిచ్చి పోతుంది. పిల్లకి పదిహేను నెలలు నిండేదాకా తల్లికి రోజుకి రెండు విరామాలు ఇవ్వాలని చట్టంలో ఉంది. కంపెనీ కాదనలేదు. కంపెనీ ఏదీ కాదనదు.

చిక్కంతా బల్ల దగ్గరే.

ఒలుపు బల్లకి పదిమంది ఆడవాళ్ళు. ఐసు టబ్బులోంచి రొయ్య తీసి, తల తెంపి, పొట్టు ఒలిచి, నరం లాగి, పక్క టబ్బులో వేయాలి. సాయంత్రానికి బల్ల మొత్తం మీద ఎన్ని కిలోలు తేలితే వాటిని పదిమందికీ సమంగా పంచి కూలి కడతారు. ఒకతె చెయ్యి ఆగితే పదిమందికీ తగ్గుతుంది. ఈ ఏర్పాటు కనిపెట్టినవాడెవడో మహా తెలివైనవాడు. వాడికి కాపలా మనిషి ఖర్చు లేదు. ఆడవాళ్ళే ఒకరికొకరు కాపలా.

మొదటిరోజు సాయంత్రం తూకం దగ్గర సూపర్వైజర్ నాగబాబు "ఈ బల్ల డౌనూ!" అని హాలంతా వినబడేలా అరిచాడు. గౌరి వీధిలోనే ఉండే తాయారు, వరసకి వదిన, గ్లవుజులు విప్పుతూ గౌరి వైపు తిరిగింది.

"ఏటే గౌరీ, నీ పిల్లకి పాలు నువ్విత్తన్నావా, మేమిత్తన్నామా?"

బల్లంతా నవ్వింది. గౌరి నవ్వలేదు.

"మనూర్ల పురిటింటికి పాలు ఆపుతారేటి వొదినా?"

అది వాళ్ళ ఊరి మాట. పెద్దవల లాగి ఒడ్డుకొచ్చాక చేపల్ని ఇసకలో కుప్పలు పోసి పాలు వేస్తారు, మనిషికొక పాలు. పాలంటే వాటా. పురుడొచ్చిన ఇంటి మగాడికి మైల, పడవ ముట్టుకోకూడదు. కానీ అతని పాలు ఆగదు. ఎవరో ఒకరు తట్టలో వేసి గుమ్మంలో దించి పోతారు. ఎవరూ అడగరు, ఎవరూ గొణగరు.

"అది వల. ఇది కంపెనీ," అంది తాయారు. "అక్కడ సముద్రం ఇత్తాది. ఇక్కడ నా ఏళ్ళు ఇత్తన్నాయి. సూడు ఎలా పాసిపోనాయో." ఐసుకీ క్లోరిన్ నీళ్ళకీ తెల్లగా నాని, చర్మం లేచిపోయిన వేళ్ళు గౌరి ముఖం ముందు ఆడించింది. తాయారు పిల్లలు తల్లి పాలు సరిగా తాగకుండానే పెరిగారు. తనకెవరూ ఇవ్వనిది తనెందుకివ్వాలన్నది ఆమె లెక్క. ఆ లెక్క తప్పని ఆమెకి చెప్పే మొగాడెవడు?

వారం తిరక్కుండా బల్ల ఒక మాట మీదికొచ్చింది. గౌరి బయటికెళ్ళినందుకు ఆమె పాలులోనే కోత పెట్టాలి, మిగతావాళ్ళకి తగ్గకూడదు. నాగబాబు తలూపాడు. బూట్లు విప్పడం, గేటుకి పోవడం, తిరిగొచ్చి చేతులు కడగడం, అన్నీ కలిపేసరికి కోత సగం పాలైంది.

గౌరి యమున దగ్గరికి పోయింది.

"మేడం, నా పాలు తగ్గించీకండమ్మా. బల్ల కాడ నా పాలు నాకు ఉంచీమని మీరొక్క మాట సెప్పండి."

బొబ్బిలి పిల్లలు చేపలు కొనుక్కుంటారు, పాలు వేసుకోరు. యమున కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయ్యో, తల్లి పాలు తగ్గకూడదు గౌరీ! నాకు వదిలెయ్యి. నేను చూసుకుంటాను."

గౌరి ఎగురుకుంటూ ఇంటికొచ్చింది. "మేడం మాటిచ్చినాది అత్తా!"

"ఇచ్చినప్పుడు సూద్దాం. ముందు గుంటనెత్తుకో, నా నడుం ఇరిగిపోనాది," అంది కూర్మమ్మ.

ఇచ్చింది. యమున అట్టపెట్టెలు పడేసే గదిని ఖాళీ చేయించి గులాబీ రంగు వేయించింది. ఒక కుర్చీ, ఒక తెర, ఒక చిన్న ఫ్రిజ్, గోడ మీద నవ్వుతున్న తెల్లతోలు పిల్ల బొమ్మ. పిల్లలు మాత్రం లోపలికి రాకూడదు, శుభ్రత పోతుంది. తల్లి పాలు పిండి సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచుకోవచ్చు.

"ఒలే జరగండే, ఫ్రిజ్జు మారాణి వచ్చినాది!"

"మనకి ఐసుగెడ్డ, దానికి ఫ్రిజ్జు!"

బల్ల దగ్గరి ఆ ఎగతాళికి గౌరి చెవులు కాలిపోయాయి. మళ్ళీ ఆఫీసుకి పరిగెత్తింది. "అమ్మా, నానడిగింది ఆ పాలు కాదు. వాటా. బల్ల మీద నా వాటా."

యమునకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం చిన్నబోయింది. "కూలి సంగతా? అది కాంట్రాక్టర్ చూసుకుంటారమ్మా. నా చేతిలో లేదు." అక్కడితో ఊరుకోకుండా, "రూం నచ్చలేదా?" అని అడిగింది పాపం.

కొన్నాళ్ళకి రొయ్యలు కొనే విదేశీ కంపెనీ తరఫున చెన్నై నుంచి ఒకావిడ తనిఖీకి వచ్చింది. ఇంగ్లీషు తప్ప రాదు. ఆ రోజు రూళ్ళన్నీ సెలవు పెట్టాయి. కూర్మమ్మని ఆటోలోంచి దింపుకుని, పిల్లని లోపలికి తెప్పించి, గౌరిని గులాబీ గదిలో కుర్చీలో కూర్చోబెట్టారు. పిల్ల కడుపు నిండా తాగి, మూతి చివర పాలచారతో ఒళ్ళోనే నిద్రపోయింది.

ఆవిడ ఏదో అడిగింది. "ఏమైనా ఇబ్బంది ఉందా అంటున్నారు," అంది యమున.

గౌరి ఈ గడియ కోసమే కాచుకుని ఉంది. గొంతు సవరించుకుంది.

"నా పాలు నాకు రాడం లేదమ్మా. అది సెప్పండి ఆవిడికి."

యమున గౌరిని ఒక్క క్షణం చూసింది. ఆ మాటకి రెండర్థాలున్నాయని యమునకి అప్పటికి తెలుసు. తెలిసే ఒకటి ఏరుకుంది. ఇంగ్లీషులో చెప్పింది.

చెన్నై ఆవిడ ముఖం మెత్తబడింది. పిల్ల మూతి మీద పాలు ఆవిడకీ కనబడుతూనే ఉన్నాయి, కానీ చెవిన పడిన ఇంగ్లీషు ముందు కంటిదెంత? గౌరి భుజం మీద చెయ్యేసి చాలాసేపు మాట్లాడింది.

"నీళ్ళు బాగా తాగమంటున్నారు. మెంతులు తినమంటున్నారు. దిగులు పెట్టుకోవద్దంటున్నారు." యమున నేల చూస్తూ చెప్పింది.

"అది కాదు మేడం! వాటా! వా..."

ఆవిడ అప్పటికే గుమ్మం దాటింది. వెనకాల అందరూ దాటారు.

మర్నాడు గౌరి బూట్లు విప్పబోతుంటే నాగబాబు వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"నీకు గేటు బందు. పాలు రాడం లేదని తనికీలో నువ్వే సెప్పినావంట. అలగే రాసుకుని ఎల్లిపోనారు. పాలు లేనిదానికి బ్రేకెందుకు, ఆ గదెందుకు?"

"నానేటి సెప్పినాను, ఆ మేడం ఏటి సెప్పినాదీ!"

"నన్నరిస్తే ఏటి లాభం? పోన్లే, ఇంక నీ పాలు నీకు ఫుల్లు. కోత లేదు." నాగబాబు మంచి కబురు చెప్పినట్టే నవ్వాడు.

మధ్యాహ్నం కూర్మమ్మ గేటు దగ్గరికొచ్చి అరిచింది. సెక్యూరిటీ గోపి తలుపు తీయలేదు. ఐసు మిషన్ల మోతలో ఒలుపు హాల్లోకి పిల్ల ఏడుపు రాలేదు. గౌరి చెవులకి వినబడలేదు గానీ రొమ్ములకి వినబడింది. లోపల జాకెట్టు తడిసి, తడి పొట్ట మీదుగా జారి, రబ్బరు బూటులోకి దిగుతోంది. రాళ్ళలా గట్టిపడిన రొమ్ములతో ఆమె రొయ్యలు ఒలుస్తూనే ఉంది. ఎదుట తాయారు తల దించుకుని తనూ ఒలుస్తూనే ఉంది.

ఉన్నట్టుండి గౌరి గ్లవుజులు తీసేసింది. ఏప్రాన్ తాడు లాగింది, కోటు గుండీలు విప్పింది, ఒలిచిన రొయ్యల టబ్బు మీదికి వంగి రెండు చేతులా పిండింది. తెల్లటి ధార రొయ్యల మీద పడింది.

"ఒసే! ఏటిదే!" అంది తాయారు.

"నా పాలే. బల్ల కోసుకున్నాది, కంపెనీ కోసుకున్నాది. నా గుంటకి తప్ప అందరికీ పనికొచ్చినాది. దొరల్ని కూడా తిననీ!"

హాలు అటు చివర నాగబాబు తల తిప్పాడు. ఇటే వస్తున్నాడు. బల్ల చుట్టూ చేతులన్నీ ఆగిపోయాయి.

తాయారు దోసిళ్ళతో ఐసు తోడి గబగబా ఆ టబ్బులో పోసింది. పాలు కనబడకుండా కలియబెట్టింది. ఒంటితో గౌరికి అడ్డంగా నిలబడి, పళ్ళు బిగించి అంది:

"గుండీలెట్టుకో బేగి. టబ్బు పారబోయించినాడంటే పదిమందికీ కిలోలు పోతాయే, ముండా."

నాగబాబు వచ్చి, టబ్బులోకి తొంగి చూసి, తూకానికి పంపాడు. బాగానే తూగింది.