అక్క ఇంట్లో నేల

మా అక్క ఇల్లు సముద్రానికి దగ్గర. పెద్ద పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళు గడప దాటేవి. అప్పుడు అక్క నాకు కబురు పెట్టేది. నేను తాపీమేస్త్రిని. ఇటుక ముక్కలూ ఇసుకా నింపి, దిమ్మిస కొట్టి, నేల ఎత్తు చేసి వచ్చేవాణ్ణి. ఆ వీధిలో అందరూ అంతే. ఇల్లు వదలరు, నేల లేపుతారు.

నేల లేచింది గానీ కప్పు లేవలేదు. పంకా తీసేశాం. బావ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో వంగే నడిచాడు. అక్క పొట్టి. "ఇన్నాళ్ళకి ఇల్లు నా కొలతకొచ్చింది" అనేది.

ఈసారి మంచం కోళ్ళు మునిగాయి. నేను వెళ్ళేసరికి మనవరాలు నీళ్ళు ఎత్తిపోస్తోంది. మిట్ట మీద వాళ్ళమ్మకి ఇల్లుంది. అక్కని అక్కడికి తీసుకుపోవాలని వచ్చింది.

"ఎక్కడో భూమి చివర్లలో మంచు కరుగుతోంది అమ్మమ్మా. అందుకే సముద్రం పెరుగుతోంది. ఇంకా పెరుగుతుంది."

"అక్కడివాళ్ళకి మనమేం చేశామే?"

"ఆ మంచు మీద మనుషులే ఉండరు."

"మనుషుల్లేని చోటునించి వచ్చి మనల్ని లేవమంటోందా? బాగుంది వరస. ఒరేయ్, నువ్వు కానివ్వు. మూరెడెత్తు ఇసుక పొయ్యి."

నేను ఇటుకలు తెచ్చి, దూలం కింద మూరెడు ఎత్తు పేర్చాను. "ఎక్కు" అన్నాను.

మనవరాలి భుజం పట్టుకుని ఎక్కింది. దూలం తలకి తగిలింది.

"వంగుతాలే. ఈ వయసులో ఎలాగూ వంగేదాన్నే."

"తర్వాత?" అన్నాను.

"మళ్ళీ పొయ్యి. కూర్చునే ఉంటా."

"ఆ తర్వాత?"

"నువ్వింత మాట్లాడగా నేనెప్పుడూ చూళ్ళేదురా."

"ఇక పొయ్యనక్కా. నీ మీద పోసినట్టుంటుంది."

అక్క ముఖం మాడ్చుకుంది. "నువ్వు కాకపోతే ఇంకో మేస్త్రి లేడా?"

"ఉన్నాడు. పిలువు."

పిలవలేదు. దిగి మంచం మీద కూర్చుంది. గోడ తడి చేత్తో తడిమింది. తర్వాత మనవరాలిని అడిగింది.

"మిట్ట మీదికి నీళ్ళు రావుగా?"

"నీ కాలంలో రావు అమ్మమ్మా."

"నీ కాలంలో?"

"రాకపోవచ్చు."

"నీ పిల్లల కాలంలో?"

ఆ పిల్ల చెంబు తీసుకుని మళ్ళీ నీళ్ళు ఎత్తిపోసింది.

అక్క లేచింది. మంచం మీది దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది. పెద్ద దుప్పటి. ఒక్కదానికి చేతకావడం లేదు. రెండో కొస నేను పట్టుకున్నాను.