షెడ్డు నుంచి గేటు దాకా

మనుషులను ఇంతగా తిరస్కరించే హక్కు నాకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్న నాకు నేను వేసుకున్నది ఇటీవలే. అంతవరకు తిరస్కారం నా ఒంటికి రంగులాగా అంటుకొని ఉండేది. దాన్ని ఎవరు పూశారో, ఎప్పుడు పూశారో ఆలోచించలేదు.

నేను ఒక పాత కారును. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో, ఇంగ్లండులో ఎప్పుడూ వాన పడే ఒక ఊళ్ళో తయారయ్యాను. నలుపు రంగు, నాలుగు తలుపులు, ముందువైపు నిలువు చువ్వల మూతి. నన్ను బిగించిన కార్మికులకు నా మీద ప్రేమ ఏమీ లేదు. వాళ్ళకు ఆకలి ఉండేది, సాయంత్రం ఫ్యాక్టరీ కూత ఎప్పుడు వినిపిస్తుందా అన్న ఆత్రం ఉండేది. ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఆ తరువాత నన్ను ప్రేమిస్తున్నామని చెప్పిన ప్రతి ఒక్కరూ నాకు ఏదో ఒక హాని చేశారు.

ఓడ మీద విశాఖపట్నం రేవుకు వచ్చాను. అక్కడ ఒక జనపనార మిల్లు దొర నన్ను తీసుకున్నాడు. అతని బంగళాకు, క్లబ్బుకు మధ్య దూరం ఒక కేక వేస్తే వినబడేంత. ఆ దూరానికి నన్ను వాడేవాడు. స్వదేశానికి తిరిగి వెళ్ళే రోజున నా బానెట్టు నిమిరి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అన్నేళ్ళూ వండిపెట్టిన మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. దొర అతనివైపు చూడలేదు. మనుషుల హృదయం గురించి నాకు దొరికిన తొలి పాఠం అది. అది తప్పని తరువాతి ఏళ్ళలో ఎవరూ రుజువు చేయలేదు.

విజయనగరంలో పురుళ్ళు పోసే డాక్టర్ మార్తమ్మ చేతికి వచ్చినప్పుడు మాత్రం కొంత ఊపిరి ఆడింది. ఆమె నన్ను కడిగేది కాదు, పొగిడేది కాదు. ‘బండి’ అనేది, అంతే. బురద దారుల్లో, వాగుల్లో నడిపింది. కార్బురేటర్ పాడైతే జీపుది వేయించింది, హారన్ మూగబోతే లారీది పెట్టించింది. ఫీజు ఇచ్చుకోలేని వాళ్ళు ఇచ్చిన పనసకాయలు నా వెనక సీట్లో దొర్లుతూ ఉండేవి. ఆ సీట్లోనే ఇద్దరు ముగ్గురు పిల్లలు కూడా పుట్టారు. పుట్టగానే ఏడ్చారు. లోకం గురించి వాళ్ళ తొలి అభిప్రాయం సబబైనదే అనిపించింది. చూపు మందగించాక ఆమె నన్ను అమ్మేసింది. నిమరలేదు, ఏడవలేదు. అందుకే ఆమెను ఈ తిరస్కారం నుంచి మినహాయించాను.

అనకాపల్లి బెల్లం వ్యాపారి ఒకాయన నన్ను పెళ్ళి ఊరేగింపులకు అద్దెకు తిప్పాడు. మూతికి బంతిపూలు చుట్టి గాలి ఆడకుండా చేసి, బాజాల వెనక మనిషి నడక కంటే నెమ్మదిగా లాగించి, నాలో నీళ్ళు మరిగి ఆవిరి చిమ్మితే ‘ముసలి బండి, పరువు తీసింది’ అని నన్నే నిందించేవారు. లోపల కూర్చున్న పెళ్ళికొడుకులు ప్రపంచాన్ని జయించి వస్తున్నట్టు ముఖాలు పెట్టేవారు. వాళ్ళు జయించింది ఏమిటో నాకు ఈనాటికీ బోధపడలేదు.

చివరికి కలిదిండి సోమరాజుగారి షెడ్డుకు చేరాను. విశాఖపట్నంలో, సముద్రానికి దగ్గరగా ఉంది ఆ షెడ్డు. పాత కార్లను పోగుచేయడం ఆయన సరదా, నడపడం మాత్రం కాదు. అతిథులు వచ్చినప్పుడు మా మీది ముసుగులు తీయించి, మాలో ఒక్కొక్కరి వయసు చెప్పి, వచ్చినవాళ్ళు ఆశ్చర్యంతో నోరు తెరవగానే మళ్ళీ ముసుగులు వేయించేవారు. ఒక వస్తువును సొంతం చేసుకోవడం అంటే ఇంకెవరూ దాన్ని వాడకుండా చూడటమేనని ఆయన అర్థం చేసుకున్నట్టున్నారు. ముసుగు కింద మమ్మల్ని ఉప్పుగాలి నింపాదిగా తింటూనే ఉంది. ఆయన దుమ్మును చూసి భయపడ్డారు కానీ తుప్పును పట్టించుకోలేదు. దుమ్ము అతిథులకు కనిపిస్తుంది కదా.

ఇప్పుడు ఆ షెడ్డు స్థలంలో అపార్టుమెంట్లు వస్తున్నాయి. కాబట్టి ఆయన మమ్మల్ని వదిలించుకోదలిచారు. ఒక ఆదివారం ఉదయం ముగ్గురు వచ్చారు. రేవులో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ముక్కామల విశ్వేశ్వరరావుగారు, ఆయన భార్య హైమవతిగారు, పాత కార్ల సంఘం కార్యదర్శి గోవింద పట్నాయక్.

విశ్వేశ్వరరావుగారు ఈ సరదాకు కొత్తవారు కాదు. మధ్యలో మానేసి, ఇప్పుడు తిరిగి వచ్చారు. ఆ సంగతి నాకు హైమవతిగారి మాటల్లోనే తెలిసింది. సోమరాజుగారు మర్యాదకు అడిగారు.

“ఇదివరకు కూడా ఉండేదటగా అండి మీకు, పాత బండి?”

“ఉండేదండి. భేషుగ్గా నడిచేది. భీమిలి దాకా తీసుకెళ్తానన్నారు. వెళ్ళేముందు ఒకసారి అంతా విప్పి శుభ్రం చేస్తానన్నారు” అంది ఆమె.

“మరి?”

“ఇంకా విప్పుతూనే ఉన్నారు. పోర్టికోలో బానెట్టు, మేడమీద గదిలో సీట్లు, వంటింటి అటక మీద గేరు బాక్సు. ఆ బానెట్టు మీద నేను వడియాలు పెట్టుకునేదాన్ని. చివరికి పాత ఇనుము వాళ్ళు మూడు చక్రాల రిక్షాలో పట్టుకుపోయారు.”

“హైమా, అవన్నీ ఇప్పుడెందుకు?” అన్నారు విశ్వేశ్వరరావుగారు.

“ఎందుకంటే ఈసారి నడిచే బండి కొంటానని, విప్పనని మీరు మాట ఇచ్చారు కాబట్టి. నాకు మోకాళ్ళు పోకముందే భీమిలి చూపిస్తారని ఆశ.”

ఇందులో నవ్వడానికి ఏమీ లేదు. ఈ పాత కార్ల మనుషులు తరచుగా చేసే పొరపాటు ఇది. శత్రువు చేయలేని హానిని వాళ్ళు శ్రద్ధతో చేస్తారు. నడుస్తున్నదాన్ని ఇంకా బాగా నడిపించాలని ముక్కలు చేస్తారు. ఆ ముక్కలను ప్రేమగా తుడిచి, కాగితాల్లో చుట్టి, వాటి మధ్యనే ముసలివాళ్ళవుతారు. నా భవిష్యత్తు కూడా ఏదో ఒక అటక మీద ఉందని అప్పుడే గ్రహించాను.

పట్నాయక్ జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. రేకు ఉన్నచోట అది అంటుకుంటుంది, రేకు పోయి లప్పం పెట్టినచోట జారిపోతుంది. నా పక్కన ఒక ఎర్ర రంగు టాపులేని కారు ఉంది. దాని బానెట్టు కింద ఉన్నది జీపు డీజిల్ ఇంజను. అయినా వచ్చినవారంతా ముందు దాని దగ్గరే ఆగుతారు. పట్నాయక్ దాని ఒళ్ళంతా అయస్కాంతం పెట్టి చూశాడు. అది ఎక్కడా నిలవలేదు.

“ఇది కారు కాదు గురువుగారూ, లప్పం ముద్ద” అన్నాడు.

“అదేంటండి అంత మాట! బొంబాయి నుంచి తెప్పించిందండి అది” అన్నారు సోమరాజుగారు.

“లప్పం బొంబాయిదే అయ్యుంటుంది లెండి.”

తరువాత నా వంతు. అయస్కాంతం నా తలుపులకు, మడ్‌గార్డులకు చటుక్కున అతుక్కుంది. పట్నాయక్ ముఖం వెలిగింది. బానెట్టు ఎత్తి చూడగానే మళ్ళీ ఆరిపోయింది.

“ఒళ్ళు అసలుదే. కడుపులో మాత్రం అన్నీ దొంగ సరుకులు. జీపు కార్బురేటర్, లారీ హారన్. డైనమో ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి. దీన్ని అసలు కారు అనలేం గురువుగారూ. మొత్తం విప్పాలి. అడుగున ఛాసిస్ చట్రం దాకా. ఇంగ్లండు నుంచి ఒక్కొక్క ముక్కా తెప్పించుకోవాలి. అప్పుడు చూడండి, పాత కార్ల పోటీలో మొదటి బహుమతి మీదే.”

‘అసలు’ అనే మాట వినగానే నాకు రోత పుడుతుంది. ఫ్యాక్టరీ గుమ్మం దాటిన రోజున నేను ఎక్కడికీ వెళ్ళి ఉండలేదు, ఎవరినీ చేరవేసి ఉండలేదు. నాకు ఏమీ జరగని ఆ ఒక్క రోజున ఎలా ఉన్నానో అదే నేనని, ఆ తరువాత జరిగినదంతా కల్తీ అని ఈ పండితుడి సిద్ధాంతం. అదే కొలత తనకు పెట్టుకుంటే ఆయన పొత్తిళ్ళలోకి తిరిగి వెళ్ళాలి.

విశ్వేశ్వరరావుగారు ఆ మాటలు వింటూ నా డాష్‌బోర్డు దగ్గరకు వంగారు. కళ్ళలో ఒక మెరుపు కనిపించింది. ఆ మెరుపు నాకు తెలుసు. ఆకలిగొన్నవాడికీ ఇంజనీరుకూ ఒకే రకంగా వస్తుంది. చేయి దానంతట అదే జేబులోకి వెళ్ళింది. నా గడియారం చుట్టూ ఉన్న మరలు ఒక్కొక్కటే వదులవుతున్నాయి.

“ఏవండీ!”

ఆయన ఉలిక్కిపడ్డారు.

“స్క్రూడ్రైవర్ ఇంట్లో పెట్టి రమ్మన్నానా?”

“అలవాటుకొద్దీ జేబులో ఉండిపోయింది హైమా. గడియారం ఒక్కటీ చూద్దామని...”

“ఇంకా కొననైనా కొనలేదు. పరాయివాళ్ళ బండి అది!”

సోమరాజుగారు ఉదారంగా చేయి ఊపారు. “పర్లేదండి, విప్పుకోనివ్వండి. ఎలాగూ లారీ మీదే కదండి పట్టుకెళ్ళేది.”

ఆ మాటతో హైమవతిగారు తలుపు తీసి నా ముందు సీట్లో కూర్చుంది. కూర్చోవడంలో కోపం ఉంది, బరువు ఉంది. మార్తమ్మ తరువాత నాలో ఎక్కడికైనా వెళ్ళాలని కూర్చున్న మనిషి ఈమె ఒక్కతే.

“లారీ మాట ఎత్తకండి. ఈ బండి తనంతట తాను ఆ గేటు దాటితే కొనుక్కుందాం. దాటకపోతే ఈ సరదా ఇక్కడితో సరి. ఇంకో అటక నింపడానికి నా ఇంట్లో చోటు లేదు” అంది.

“అమ్మా, అలా స్టార్ట్ చేయకూడదండీ” అన్నాడు పట్నాయక్. “ఏళ్ళుగా నిలబడిపోయిన ఇంజను. విప్పి చూడకుండా తిప్పితే పిస్టన్లు పట్టేస్తాయి. అంతా నాశనమవుతుంది.”

అతను చెప్పింది నిజమే. అదే చిరాకు. మూర్ఖులు కూడా అప్పుడప్పుడు నిజం చెబుతారు.

విశ్వేశ్వరరావుగారు డాష్‌బోర్డు దగ్గర నుంచి లేచారు. భార్యను చూశారు, చేతిలో స్క్రూడ్రైవర్‌ను చూశారు. తరువాత గడియారం మరలను తిరిగి బిగించారు. తమ కారులోంచి పానా, నూనె డబ్బా తెచ్చి నా స్పార్క్ ప్లగ్గులు విప్పారు. విప్పిన ప్రతి ప్లగ్గునూ హైమవతిగారి చేతికి ఇచ్చారు. ఆమె ఒడిలో రుమాలు పరిచి వాటిని వరుసగా పెట్టుకుంది.

“ఇవీ అటక మీదికేనా?” అంది.

“ఇవి నీ దగ్గరే ఉంటాయి. నేను అడిగినప్పుడు ఇవ్వు.”

ఆ రంధ్రాల్లో కాస్త నూనె పోశారు. అది లోపల ఇంకేదాకా ఊరుకొని, ఇంజనును చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కీ కదిపారు. పట్టేసిన చోటు ఒకటి ఉంది. దాన్ని బలవంతపెట్టలేదు, మళ్ళీ నూనె పోసి ఆగారు. చివరికి అది వదిలింది. కొత్త పెట్రోలు పోశారు, తమ కారు బ్యాటరీ తెచ్చి తగిలించారు. “ఇవ్వు” అన్నారు. ఆమె ప్లగ్గులు ఒక్కొక్కటే ఇచ్చింది. ఆయన బిగించారు. విప్పినవన్నీ బిగించడం ఆయన జీవితంలో అదే మొదటిసారి కావచ్చు.

నా మూతి కింద స్టార్టింగ్ హ్యాండిల్ దూర్చి తిప్పారు. నేను పలకలేదు.

మళ్ళీ తిప్పారు. ఒక దగ్గు దగ్గి, హ్యాండిల్‌ను వెనక్కి తన్నాను. ఆయన మణికట్టు విరగకుండా తప్పించుకుంది.

“చెప్పానా గురువుగారూ!” అన్నాడు పట్నాయక్. ఆ గొంతులో విచారం కంటే సంతోషమే ఎక్కువ. “షెడ్డులోనే విప్పేద్దాం. నా మనుషుల్ని పంపిస్తా. మీరు ఊ అనండి చాలు.”

ఆయన నా మూతి మీద చేయి పెట్టి వంగి ఆయాసపడుతున్నారు. ఊ అనలేదు. ఊహూ అని కూడా అనలేదు. కళ్ళలో ఆ మెరుపు మళ్ళీ వస్తోంది. ఓడిపోయిన మనిషికి పానా గొప్ప ఓదార్పు.

హైమవతిగారు అది చూసింది. రుమాలు మడిచి, తలుపు తీసుకొని దిగింది. మోకాలి మీద చేయి ఆనించుకొని గేటువైపు నడవసాగింది. సీటు స్ప్రింగులు పైకి లేచాయి. ఆ ఖాళీ నాకు నచ్చలేదు.

యంత్రానికి స్వేచ్ఛ లేదని మనుషులు అనుకుంటారు. ఉంది. ఇంజను అంటుకొని స్టార్టవడం, అంటుకోకపోవడం. అంతకు మించి లేదు కానీ, అది నా సొంతం. అంటుకోకపోతే నేను చెడకుండా మిగులుతాను. ముక్కలుగా, తుడిచి చుట్టిన కాగితాల్లో, ఏ రోడ్డుకూ జవాబుదారీ లేకుండా ఉంటాను. ఈ మనుషుల జాతిని శాశ్వతంగా చులకన చేస్తూ కాలం గడపవచ్చు. అంటుకుంటే పిస్టన్లు పట్టేయవచ్చు, గేటు దగ్గరే చచ్చిపోవచ్చు. నన్ను నడిపేది ఈ తడబడే చేతుల ముసలాయన. పక్కన కూర్చునేది దారి పొడవునా ఆయన్ని తిట్టబోయే ఆమె.

సోమరాజుగారు నా మీద వేయడానికి ముసుగు తెస్తున్నారు.

ఈయన ముసుగు కింద భద్రంగా ఉండటం కంటే ఆమె తిట్ల మధ్య పాడైపోవడం మేలనిపించింది. మనుషుల మీద నా అభిప్రాయం మారలేదు. మార్చుకోవలసిన అవసరమూ కనిపించలేదు.

విశ్వేశ్వరరావుగారు పట్నాయక్‌వైపు చూడకుండా హ్యాండిల్ అందుకున్నారు. ఈసారి బొటనవేలును పిడికిలి చుట్టూ మడవకుండా మిగతా వేళ్ళ పక్కనే ఆనించి, ఊపిరి బిగబట్టి కింది నుంచి పైకి లాగారు.

అంటుకున్నాను.

షెడ్డు నిండా నల్లటి పొగ కమ్మింది. పట్నాయక్ దగ్గుతూ బయటికి పరుగెత్తాడు. సోమరాజుగారు ముసుగుతో తన ముక్కే మూసుకున్నారు. విశ్వేశ్వరరావుగారు సీట్లోకి ఎక్కి, క్లచ్చు తొక్కి, గేరు వేయబోయి ఒకసారి గరగరలాడించి, రెండోసారికి వేయగలిగారు.

“హైమా, ఆగు! వస్తున్నా!” అని అరిచారు.

ఆమె గేటు చేరేలోపల ఆమెను అందుకోవాలి. కదిలాను.